పురుగు పాఠం నేర్చింది.. మనమే నేర్వలేదు

బీటీ పత్తి వచ్చి రెండు దశాబ్దాలు దాటింది.. గులాబి రంగు పురుగు మళ్లీ కాయలోకి ఎట్లా చేరింది?

కుందలహళ్ళి (బెంగళూరు): మే నెల చివర ఏ ఆదివారమైనా సాయంత్రం పూట కుందలహళ్ళి గేటు దగ్గర టీ కొట్టు ముందు నిలబడండి. మెట్రో దిగి పీజీ గదులకు పోయే కుర్రాళ్ల ఫోన్లలో తెలుగు బాగానే వినబడుతుంది. ఒకరిది ఆదోని, ఒకరిది గద్వాల, ఇంకొకరిది పల్నాడు. మాట మాత్రం ఒకటే. "నాయనా, ఈ తూరి ఎన్ని ప్యాకెట్లు గావాల? డబ్బులు ఇప్పుడే ఏసేదా?" అని ఇటు నుంచి. "ఎనిమిది చాలు లేరా. అయితే గడ్డిమందు కొట్టినా చావని ఇత్తనం వచ్చిందంట. బిల్లు ఇయ్యరు, లూజు. ఏం జేద్దాం?" అని అటు నుంచి.

మళ్లీ నవంబరు, డిసెంబరులో అదే ఫోను. ఈసారి గొంతులో దిగులు. "కాయ పైకి బాగానే ఉంది. పగలగొడితే లోపల ఎర్రపురుగు." కొడుకు అడుగుతాడు: "అది బీటీ ఇత్తనమే కదా నాయనా.. మళ్లా పురుగేంది?"

న్యాయమైన ప్రశ్న. ఊళ్లో విత్తనాల దుకాణదారు దీనికి సూటిగా జవాబు చెప్పడు. ఇంకో డబ్బా మందు చేతిలో పెడతాడు. జవాబు మాత్రం ఉంది. అందులో పురుగు తెలివి కంటే మనుషుల తొందరే ఎక్కువ కనబడుతుంది.

పాత గాయం

బీటీ ఎందుకొచ్చిందో తెలియాలంటే 1997-98 గుర్తు చేసుకోవాలి. ఆ ఏడు వరంగల్ జిల్లాలో పత్తి చేను మీద పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు ఒకదాని వెంట ఒకటి విరుచుకుపడ్డాయి. రైతులు మందు మీద మందు కొట్టారు. రెండు మూడు రకాలు కలిపి కొట్టారు. పురుగు చావలేదు, అప్పు పెరిగింది. పురుగుకు పనిచేయని మందు రైతు ప్రాణం తీసింది. తెలుగునాట పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా చర్చకు వచ్చింది అప్పుడే. గుంటూరు, ప్రకాశం, కర్నూలు జిల్లాల్లోనూ ఇరవై తడవలు మందు కొట్టామని చెప్పే రైతులు ఇప్పటికీ కనబడతారు.

అట్లాంటి సమయంలో "మందు కొట్టే పనిలేదు, మొక్కే పురుగును చంపుతుంది" అంటే ఎవరు వద్దంటారు?

మొక్కలో మందు ఎట్లా పనిచేస్తుంది?

బీటీ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్. నేలలో ఉండే ఒక బాక్టీరియా. అది తయారుచేసే ప్రొటీన్ గొంగళి జాతి పురుగు కడుపులోకి పోతే అక్కడి క్షారగుణానికి కరిగి, పేగు గోడకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. పురుగు మేత మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. మనుషుల కడుపులో, పశువుల కడుపులో ఆ ప్రొటీన్ అతుక్కునే చోటు లేదు. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువును పత్తి మొక్కలో పెట్టారు. మొదటిది క్రై1ఏసీ. దాంతో వచ్చింది బోల్‌గార్డ్. తర్వాత 2006లో క్రై2ఏబీ అనే రెండో జన్యువును జోడించి బోల్‌గార్డ్-2 తెచ్చారు. మన దుకాణాల్లో బీజీ-2 అని అడిగేది దీన్నే.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. బీటీ చంపేది కాయ తొలిచే గొంగళి పురుగులనే. పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగు, పేనుబంక, పిండినల్లి వంటి రసం పీల్చే పురుగుల మీద అది ఏమీ చేయదు. 'బీటీ వేస్తే మందు అక్కర్లేదు' అన్నది మొదటి రోజు నుంచీ సగం నిజమే.

సరిహద్దులో మొదలైన కథ

ఈ కథకు, మనముండే కర్ణాటకకు పాత బంధమే. ఇంకా అనుమతి రాకముందు ప్రయోగాత్మకంగా బీటీ పత్తి వేసిన జిల్లాల్లో రాయచూరు ఒకటి. 1998 నవంబరు చివర్లో సింధనూరు తాలూకాలో ప్రొఫెసర్ ఎం.డి.నంజుండస్వామి నాయకత్వంలోని కర్ణాటక రాజ్య రైత సంఘం ఆ చేలను పీకి తగులబెట్టింది. తుంగభద్ర కాలువ కింద తెలుగు రైతుల క్యాంపులు వెలిసిన సీమ అది. మాన్‌శాంటో పరిశోధన కేంద్రం అప్పట్లో బెంగళూరులోనే, భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలో ఉండేది. దాని మీదా నిరసనలు జరిగాయి.

2001లో గుజరాత్‌లో అనుమతి లేని బీటీ పత్తి వేల ఎకరాల్లో బయటపడింది. 2002 మార్చిలో కేంద్ర జన్యు ఇంజినీరింగ్ ఆమోద కమిటీ మూడు రకాలకు పచ్చజెండా ఊపింది. మెక్-12, మెక్-162, మెక్-184. మూడూ మహికో-మాన్‌శాంటో సంకర రకాలే. మన వర్షాధార నేలల్లో అవి నిలబడలేదు. 2005 మేలో అదే కమిటీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ మూడింటికీ అనుమతి పొడిగించలేదు. నష్టపోయిన వరంగల్ రైతులకు పరిహారం కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం అడిగితే కంపెనీ ఒప్పుకోలేదు.

తర్వాత గొడవ ధర మీద. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 నుంచి 1,850 రూపాయలు. అందులో 1,250 రూపాయలు ఒక్క జన్యువు వాడుకున్నందుకే! దీని మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006 జనవరిలో ఎంఆర్‌టీపీ కమిషన్ గడప తొక్కింది. అప్పటి వ్యవసాయ మంత్రి మన పొరుగునే ఉన్న మడకశిర ప్రాంతపు ఎన్.రఘువీరారెడ్డి. మే నెలలో కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ప్యాకెట్ ధర 750కి దిగింది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ దీనికోసం చట్టమే చేసింది. 2015 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2020 నుంచి జన్యువు రుసుము సున్నా. 2025లో బీజీ-2 ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు.

ధర మీద జరిగిన ఈ పోరాటం చిన్నది కాదు. రైతు జేబులో కోట్ల రూపాయలు మిగిల్చింది. అయితే అందరి కళ్లూ ధర మీదే ఉన్నాయి. పురుగు సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

లాభం నిజమే.. అంతా బీటీదేనా?

బీటీ వల్ల మేలే జరగలేదని చెప్పడం అన్యాయం. శనగపచ్చ పురుగు బెడద తగ్గింది. కాయ తొలిచే పురుగుకు కొట్టే మందులు మొదటి ఏళ్లలో బాగా తగ్గాయి. 2002-03లో దేశంలో హెక్టారుకు 200 కిలోల లోపున్న దూది దిగుబడి 2007-08 నాటికి 550 కిలోలు దాటింది. 2013-14లో 398 లక్షల బేళ్ల ఉత్పత్తి వచ్చింది. అదే రికార్డు. రైతులు తెల్ల బంగారం అని మురిసిపోయారు.

ఇందులో గుజరాత్ చెక్‌డ్యాముల నీళ్ల వాటా ఉంది, ఎరువుల వాటా ఉంది, రసం పీల్చే పురుగులకు కొత్తగా వచ్చిన మందుల వాటా ఉంది. అదే బీటీ ఇప్పటికీ నూటికి తొంభైకి పైగా పత్తి చేలల్లో ఉంది. అయినా దిగుబడి హెక్టారుకు 450 కిలోల దగ్గరికి జారింది. 2024-25లో ఉత్పత్తి 300 లక్షల బేళ్లు కూడా దాటలేదు. విత్తనం అదే, నేల అదే. మారిందేమిటి?

శనగపచ్చ ఓడింది.. గులాబి గెలిచింది

రెండు పురుగుల తిండిలో ఉన్న తేడాలోనే జవాబంతా ఉంది. శనగపచ్చ పురుగుకు పత్తి ఒక్కటే కాదు. కంది, శనగ, టమాటా, మిరప అన్నీ తింటుంది. కాబట్టి బీటీ తగలని పురుగులు పక్క చేలల్లో కోట్లలో బతికుంటాయి. బీటీకి అలవాటు పడిన ఒకటీ అరా పురుగు వచ్చినా వాటితోనే జత కడుతుంది. పిల్లలకు ఆ మొండితనం పూర్తిగా రాదు.

గులాబి రంగు పురుగు అట్లా కాదు. దాని బతుకంతా పత్తి మీదే. ఊరంతా బీటీ పత్తే అయితే దానికి దారి ఒక్కటే: బీటీని తిని బతకడం నేర్చుకోవడం. నేర్చుకున్నది నేర్చుకున్నదానితోనే జత కడుతుంది. కొన్నేళ్లలో ఊరి పురుగులన్నీ మొండివే.

ఈ ప్రమాదం కంపెనీకీ, కమిటీకీ మొదటి రోజే తెలుసు. అందుకే చుట్టూ ఐదు సాళ్లు గానీ, చేనులో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత బీటీ కాని పత్తి వేయాలని షరతు పెట్టారు. ప్రతి ప్యాకెట్‌తో 120 గ్రాముల బీటీ కాని విత్తనం పొట్లం ఇచ్చారు. ఆ పొట్లం ఏమైంది? చాలా ఇళ్లలో గట్టు మీదే పడింది. 'పురుగుల కోసం పంట వేయాలా?' అని రైతు అడిగాడు. ఎందుకో వివరించి చెప్పే మనిషి ఊరికి రాలేదు. కొన్ని పొట్లాల్లో గింజ మొలవలేదు, కొన్నింటి పంట కాలం చేనుకు సరిపోలేదు. అధికారులు వచ్చి అడిగిందీ లేదు. చివరికి 2020 తర్వాత ఆ గింజల్ని అదే సంచిలో కలిపి అమ్మడం మొదలుపెట్టారు. అప్పటికే దొంగ ఇల్లు దాటాడు.

గుజరాత్‌లోని అమ్రేలి, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో గులాబి పురుగు మొదటి బీటీని తట్టుకుంటోందని 2010 మార్చిలో కంపెనీయే ప్రకటించింది. మందు: బీజీ-2 వాడండి. మరో నాలుగైదేళ్లకు అదే గుజరాత్‌లో బీజీ-2 కాయల్లోనూ గులాబి పురుగు. 2017 నాటికి మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక పత్తి సీమల్లోనూ ఇదే మొర.

సంకర విత్తనంలోనే చిక్కు

ఇదే పురుగును అమెరికా 2018లో తమ పత్తి సీమ నుంచి పూర్తిగా తరిమేశామని ప్రకటించింది. అక్కడా బీటీయే. తేడా ఎక్కడ? వాళ్లు బీటీని ఒంటరిగా వదల్లేదు. బీటీ కాని పత్తి వేశారు, లింగాకర్షక బుట్టలు పెట్టారు, గొడ్డు రెక్కల పురుగులను కోట్లలో వదిలారు, పంట అయిన వెంటనే కట్టె దున్నేశారు. చైనాలో సంకర పత్తి రెండో తరం గింజలు వేయడంతో బీటీ కాని మొక్కలు చేనులో వాటంతటవే కలిశాయి. పురుగు మొండితనం అక్కడ తగ్గింది.

మన దగ్గర అంతా సంకర రకం. ఇందులో రెండు చిక్కులున్నాయి.

ఒకటి, కాయలోపలి లెక్క. సంకర మొక్కకు బీటీ జన్యువు ఒకవైపు నుంచే వస్తుంది. అందుకని దాని కాయలోని గింజలన్నీ ఒక తీరుగా ఉండవు. కొన్నింటిలో రెండు జన్యువులూ ఉంటాయి, కొన్నింటిలో ఒకటే. లెక్క ప్రకారం పదహారు గింజల్లో ఒకదానిలో ఏదీ ఉండదు. గులాబి పురుగు తినేది గింజనే. ఒకే కాయలో అర మోతాదు, పావు మోతాదు రుచి చూస్తూ పెరుగుతుంది. డాక్టరు రాసిన మాత్రలు సగంలో ఆపితే రోగం మొండికేసినట్లే ఇదీ.

రెండు, ఖర్చు. సంకర విత్తనం ఊరికే రాదు. గద్వాల నడిగడ్డలోనూ, కర్నూలు, నంద్యాల పల్లెల్లోనూ విత్తన పత్తి మడుల్లో పువ్వు పువ్వుకూ చేత్తో క్రాసింగ్ చేస్తేనే ఆ గింజ. ధర ఎక్కువ కాబట్టి రైతు దూరం దూరంగా నాటుతాడు. ఎకరాకు ఆరేడు వేల మొక్కలు. బయటి దేశాల్లో సూటి రకాలు ఎకరాకు నలభై వేల దాకా వేస్తారు. అక్కడ మొక్కకు పది కాయలు కాసినా చాలు, ఐదు నెలల్లో చేను ఖాళీ. ఇక్కడ ఒక్కో మొక్క అరవై డెబ్భై కాయలు కాయాలి. కాబట్టి ఆరేడు నెలలు, నీళ్లుంటే ఫిబ్రవరి, మార్చి దాకా చేను ఉండాల్సిందే. నెలకు కాస్త అటూ ఇటుగా ఒక తరం పెరిగే గులాబి పురుగుకు అంతకంటే పండగ ఏముంది?

రైతు ఇంట్లోనే దాచుకునే సూటి బీటీ రకం కోసం మన ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం, నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ కలిసి ప్రయత్నం చేశాయి. 'బికనేరి నర్మా బీటీ' పేరుతో 2009లో విడుదలైంది. అందులో మాన్‌శాంటో జన్యువే ఉందని తేలి ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. ప్రభుత్వ రంగం మీద రైతు పెట్టుకున్న ఆశ అక్కడే కూలింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వ రకాలు దుకాణంలో ప్రైవేటు ప్యాకెట్ల ముందు నిలబడలేకపోయాయి.

ఇప్పుడు 'బీజీ-3' అనే మాయ

ఈ దిగులులోకి కొత్త సంచి వచ్చింది. పైన పేరుండదు, ఉన్నా అది ఊరూ వాడా తెలియని పేరే. 'బీజీ-3' అంటారు, 'గడ్డిమందు పత్తి' అంటారు. చేనంతా గ్లైఫోసేట్ కొట్టినా పత్తి మొక్క చావదు, గడ్డి మాత్రమే చస్తుంది. కలుపు కూలీ దొరకని ఈ రోజుల్లో ఇది ఎంత ఊరించే మాటో వేరే చెప్పాలా?

మన దేశంలో దీనికి అనుమతి లేదు. అనుమతి కోసం పెట్టుకున్న దరఖాస్తును 2016లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. అయినా విత్తనం ఆగలేదు. 2017లో కేంద్రం వేసిన కమిటీ తెలంగాణ, ఆంధ్ర, మహారాష్ట్ర, గుజరాత్ పత్తి విస్తీర్ణంలో 15 శాతం దాకా ఇదే ఉందని అంచనా కట్టింది. ఏటా మే, జూన్‌లలో రాయచూరు, గద్వాల, కర్నూలు సరిహద్దుల్లో పోలీసులు, వ్యవసాయ అధికారులు లూజు విత్తనాల కోసం బండ్లు ఆపి చూడటం మామూలైపోయింది.

అసలు మోసం పేరులోనే ఉంది. బీజీ-3 అనగానే రెండు కంటే మూడు గొప్పదనుకుంటాడు రైతు. అది గడ్డిమందును తట్టుకునే గుణమే. గులాబి పురుగును చంపే కొత్త బలం అందులో చుక్క కూడా లేదు. పైగా మొలక రాకపోతే, కాయ కాయకపోతే అడగడానికి బిల్లు లేదు. నకిలీ విత్తన కేసు పెట్టడానికి కాగితం లేదు. పరిహారం రాదు. దొంగ దగ్గర కొన్న వస్తువు పోయిందని ఎవరికి చెప్పుకుంటాం?

తప్పెవరిది?

కంపెనీలు విత్తనం అమ్మాయి, షరతు అమలు భారాన్ని ఒక పొట్లంలో కట్టి రైతు నెత్తిన పెట్టాయి. ప్రభుత్వాలు వందల రకాలకు అనుమతులిచ్చాయి. ఏ రకం ఏ నేలకో చెప్పే విస్తరణ ఉద్యోగి పోస్టులు ఖాళీగా ఉంచాయి. దుకాణదారే ఊరికి శాస్త్రవేత్త అయ్యాడు. ఇక రైతు.. పక్క చేను చూసి తన చేను వేశాడు. అందరిలోకీ తక్కువ సమాచారం ఉన్నవాడు అతనే, మొత్తం నష్టం మోసిందీ అతనే.

2010లో బీటీ వంకాయ మీద అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరామ్ రమేశ్ ఊరూరా బహిరంగ విచారణలు జరిపి, చివరిది ఈ బెంగళూరులోనే పెట్టి, ఫిబ్రవరి 9న దానికి అడ్డుకట్ట వేశారు. తప్పో ఒప్పో, ప్రజల మాట విన్నారు. పత్తి విషయంలో రైతును కూర్చోబెట్టి 'షరతు ఇది, ఎందుకంటే ఇది' అని అట్లాంటి మాట ఎన్నడూ జరగలేదు. ఆ ఒక్క లోటు ఖరీదు రెండు జన్యువులు.

కొత్త జన్యువు వస్తే సరిపోతుందా? ఇదే తీరున వాడితే దానికీ పదేళ్ల ఆయుష్షే. తిండిలేని రోజులు రానంతవరకూ గులాబి పురుగు పోదు. కాబట్టి మందు డబ్బా కంటే ముందు క్యాలెండర్ చూడాలి. పంట డిసెంబరుతో ముగిసి, జనవరికి చేను ఖాళీ అయితే పురుగుకు నిద్రపోవడానికి కాయ ఉండదు. ఊళ్లో ఒక్కరు చేస్తే లాభం లేదు, ఊరంతా చేయాలి. తక్కువ కాలపు రకాలను దగ్గర దగ్గరగా నాటే అధిక సాంద్రత పద్ధతిని ప్రభుత్వ సంస్థలు ఇప్పుడు చెబుతున్నాయి. ఇక్కడికి, ట్రాఫిక్ దయదలిస్తే, గంట దూరంలోని హెబ్బాళలో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ పురుగు గుడ్లను తినే ట్రైకోగ్రామా వంటి మిత్ర కీటకాల మీదే ఏళ్లుగా పనిచేస్తోంది. విద్య మన పక్కనే ఉంది. చేనుకు చేరడమే ఆలస్యం.

ఇంటికి ఫోను చేసినప్పుడు..

విత్తనం డబ్బు ఇప్పుడు చాలా ఇళ్లలో బెంగళూరు నుంచే పోతోంది. డబ్బు పంపేవాడికి నాలుగు ప్రశ్నలు అడిగే హక్కుంది, బాధ్యతా ఉంది. నాయనకు నేర్పడానికి కాదు, నాయనతో కలిసి లెక్క చూసుకోవడానికి.

* బిల్లు ఉందా? లైసెన్సు ఉన్న దుకాణం, ప్యాకెట్ మీద లాట్ నంబరు, గడువు తేదీ చూసి బిల్లు ఫొటో పంపమనండి. ఖాళీ ప్యాకెట్ పంట అయ్యేదాకా దాచమనండి.

* రకం ఎన్ని రోజులది? నల్లరేగడికీ, తేలిక నేలకూ ఒకే రకం వద్దు. వర్షాధారమైతే తక్కువ కాలపుదే మేలు.

* బుట్టలు పెట్టారా? నాటిన 45 రోజులకు ఎకరాకు నాలుగైదు లింగాకర్షక బుట్టలు. బుట్టకు రోజుకు ఎనిమిది చొప్పున వరసగా మూడు రోజులు రెక్కల పురుగులు పడ్డా, పదింట ఒక పువ్వు విచ్చుకోక గుడ్డి పువ్వయినా, పదింట ఒక కాయలో పురుగు కనబడ్డా అప్పుడే మందు. పురుగు కాయలోకి దూరాక బెజ్జం పూడిపోతుంది. ఆపైన ఏ మందు కొట్టినా దండగే.

* చేను ఎప్పుడు ఖాళీ చేస్తున్నారు? ఆఖరి రెండు తడవల పత్తి ఆశతో ఫిబ్రవరి దాకా ఉంచితే వచ్చే ఏటి పురుగును మనమే మేపినట్లు. కట్టెను చేను గట్టు మీద, ఇంటి వెనక కుప్ప వేయొద్దు. ముక్కలు చేసి భూమిలో కలపాలి.

ఈ నాలుగో ప్రశ్నే కష్టమైంది. డిసెంబరులో చేను మీద ఇంకా పచ్చగా పూత కనబడుతుంటే పీకేయమని చెప్పడం ఎవరి తరం? ఆ రెండు క్వింటాళ్లు వడ్డీకి అక్కరకొస్తాయని నాయన అంటాడు. ఆయన మాటా నిజమే. రబీలో శనగో, జొన్నో వేయడానికి ఆ డిసెంబరులోనే పదివేలు సర్దగలిగితే ఆయన పత్తి పీకడానికి ఒప్పుకుంటాడు. మేలో విత్తనానికి పంపే డబ్బు కంటే డిసెంబరులో పంపే ఆ డబ్బే పురుగును ఎక్కువ చంపుతుంది.